కళ్ళు మూసుకున్నప్పుడు హెన్రీకి ఏమైంది?

ఆ శుక్రవారం ఉదయం రామమోహనరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదిన్నరకి చర్చివాళ్ళ స్పెషల్ షో మొదలవుతుంది, పదకొండున్నరకల్లా అయిపోతుంది. హాలు ఊడ్పిస్తాడు. భార్య సూర్యప్రభ క్యారేజీలో పెట్టిన పెరుగన్నం తింటాడు. క్యాంటీన్ వెనక బల్ల మీద కాసేపు నడుం వాలుస్తాడు. రెండున్నరకి పెద్ద హీరో కొత్త సినిమా మొదటి ఆట. ఇందులో అత్యాశ ఏమన్నా ఉందా? ఆ నడుం వాల్చడం అనే ముక్క ఒక్కటే ఆయన తన కోసం పెట్టుకున్నది.

దిల్‌సుఖ్‌నగర్‌లో, మెట్రో స్తంభాల నీడ పడే సందులో, ఆ పాత థియేటర్‌కి ఆయన మేనేజరు. గుడివాడ నుంచి కుర్రతనంలో వచ్చి చేరాడు, అక్కడే బట్టతల వచ్చింది. ఏ సినిమానీ మొదటినుంచి చివరిదాకా చూసి ఎన్నేళ్ళయిందో ఆయనకే గుర్తులేదు. సినిమా అంటే జనం లోపలికి ఎప్పుడు వెళ్ళారు, బయటికి ఎప్పుడు వస్తారు, మధ్యలో ఏం విరిగింది, అంతే.

విరగడం దగ్గరే వచ్చింది చిక్కంతా. పోయినసారి ఇదే హీరో సినిమా మొదటి ఆట ఆలస్యమైతే అభిమానులు ముందు వరస సీట్లన్నీ బ్లేళ్ళతో కోసి పారేశారు. ఓనరు జానయ్య చౌటుప్పల్ నుంచి దిగి, ఆ సీట్లలోంచి పైకొచ్చిన స్పాంజిని చేత్తో తడిమి చూసి, తాపీగా చెప్పాడు. "రావ్, ఇంకొక్కపాలి సీట్లు చిరిగినయంటే ఈ హాల్ల సిమెంటు బస్తాలేస్త. నువ్వు ఇంటికి పో." యాభయ్యారేళ్ళ వయసులో సింగిల్ థియేటర్ మేనేజరు ఇంటికి పోతే ఇంట్లోనే ఉండిపోతాడు. మల్టీప్లెక్సుల్లో ఆ పనికి ఇప్పుడు చెవిలో వైర్లు పెట్టుకున్న కుర్రాళ్ళను పెట్టుకుంటున్నారు. కాబట్టి ఆ రోజు రామమోహనరావుకి కావలసింది ఒక్కటే, సాయంత్రానికి సీట్లు సీట్లుగా ఉండటం.

చర్చివాళ్ళ షో ఒప్పుకున్నదీ అందుకే. ఎల్బీ నగర్ నుంచి పాస్టర్ ప్రసన్నకుమార్ వారం కిందట వచ్చాడు. తెల్ల చొక్కా, నిదానమైన మాట. అమెరికాలో తీసిన భక్తి సినిమా, తెలుగు డబ్బింగ్. అక్కడ ఇలాంటి సినిమాలు వస్తే చర్చికి చర్చే బస్సులెక్కి వెళ్ళి చూస్తుందట, చూసి ఏడుస్తుందట, ఏడ్చి మారుతుందట.

"ముద్దులు లేవు, కొట్లాటలు లేవు బ్రదర్. కుటుంబమంతా కూర్చుని చూడొచ్చు," అన్నాడు పాస్టర్.

"మరి ఏముందండి అందులో?"

"ప్రార్థన ఉంది."

ఈలలు వెయ్యరు, కాగితాలు ఎగరెయ్యరు, సీట్లెక్కరు. రామమోహనరావు ప్రాణానికి హాయిగా అనిపించింది. ఆ హాయిని చూసి అప్పుడే అనుమానపడి ఉండాల్సింది.

తొమ్మిదింటికి సంఘం దిగింది. రెండు డీసీఎం వ్యాన్లు, ఆపైన ఆటోలు. దాదాపు మూడొందల మంది, ఎక్కువమంది ఆడవాళ్ళు, తెల్ల చీరలు. హాలు గుమ్మం దగ్గరికి రాగానే అందరూ చెప్పులు విప్పేశారు. చర్చిలోకి వెళ్ళేటప్పుడు విప్పే అలవాటు, కాళ్ళు వాటంతటవే విప్పేశాయి. "అమ్మా, ఇది సినిమా హాలు, వేసుకునే రావచ్చు," అని రామమోహనరావు అంటూనే ఉన్నాడు. ముందు గుమ్మం దగ్గర చెప్పుల గుట్ట ఆయన మోకాళ్ళదాకా లేచింది. లోపల మగవాళ్ళు ఎడమవైపు, ఆడవాళ్ళు కుడివైపు కూర్చున్నారు. సీటు నంబర్లను ఎవరూ పట్టించుకోలేదు. ఆ రోజు ఉపవాస ప్రార్థన కాబట్టి క్యాంటీన్‌లో వేయించిన సమోసాల వైపు ఒక్కరూ చూడలేదు.

సినిమాకి ముందు చిన్న ప్రార్థన అన్నాడు పాస్టర్. ఆ చిన్న ప్రార్థన ముగిసేసరికి పది దాటింది. పోనీలే, మధ్యలో ఇంకా బోలెడు వ్యవధి ఉందని రామమోహనరావు తనకు తాను చెప్పుకున్నాడు. పైన క్యాబిన్‌లో ఆపరేటర్ లింగస్వామి సినిమా మొదలుపెట్టాడు.

కథానాయకుడి పేరు హెన్రీ. లారీ డ్రైవరు. టెక్సాస్‌లో ఉంటాడు. ఆయనకి డబ్బింగ్ చెప్పినవాడెవడో గుంటూరు వైపువాడు, అంత పెద్ద లారీ దిగి అంత పెద్ద టోపీ తీస్తూ "ఏమే, కాఫీ పెట్టు" అన్నాడు. భార్య మార్తా. మంచం పట్టిన ఒక కూతురు. హెన్రీ తాగుతాడు, దేవుణ్ణి తిడతాడు. మార్తా వంటింట్లో నిలబడి చేతులు జోడించింది.

హాల్లో మూడొందల మందీ లేచి నిలబడ్డారు. ఆడవాళ్ళు తలల మీద కొంగులు కప్పుకున్నారు. అందరూ కళ్ళు మూసుకున్నారు.

పాపం ఆ అమెరికా దర్శకుడికి తెలియని సంగతి ఇదే. అక్కడివాళ్ళు తెర మీద ప్రార్థనని చూస్తారు. ఇక్కడివాళ్ళు చేస్తారు. పైగా మార్తా ప్రార్థన చిటికెలో అయిపోయింది. సంఘం ప్రార్థన అప్పుడే ఊపందుకుంది. తీరా అందరూ ఆమెన్ అని కళ్ళు తెరిచేసరికి, కాఫీ తాగుతూ ఉండాల్సిన హెన్రీ ఆసుపత్రిలో కాలికి కట్టుతో పడుకుని ఉన్నాడు.

హాలంతా గుసగుసలు. మూడో వరసలో ముత్తమ్మ అనే పెద్దావిడ గొంతు ఎత్తింది. నల్గొండ వైపు పల్లె నుంచి వచ్చి ఎల్బీ నగర్‌లో స్థిరపడిన మనిషి, సంఘంలో ఆమె మాటకు పాస్టరు కూడా ఎదురు చెప్పడు. "గాయనకు ఏమైంది? ఇప్పుడే మంచిగ ఉండె గదా."

పాస్టర్ రామమోహనరావు దగ్గరికి వచ్చాడు. "బ్రదర్, కొంచెం వెనక్కి తిప్పిస్తారా? ప్రార్థనలో ఉండిపోయాం."

తిప్పించాడు. మార్తా మళ్ళీ వంటింట్లోకి వచ్చింది, మళ్ళీ చేతులు జోడించింది. మూడొందల మందీ మళ్ళీ లేచి కళ్ళు మూసుకున్నారు. కళ్ళు తెరిచేసరికి హెన్రీ మళ్ళీ ఆసుపత్రిలో ఉన్నాడు.

"ఒక్కసారి కళ్ళు తెరుచుకుని ఉండండమ్మా, అదెంతసేపు," అన్నాడు రామమోహనరావు.

"కండ్లు తెరిస్తే ప్రార్థన ఎట్లయితది సారూ," అంది ముత్తమ్మ. "గా దొరసాని అయితే ముసుగు గూడ ఏస్కోలే. చెప్పులతోటి నిలబడ్డది. పొయ్యికాడ కుక్క. నేను ఆమె కోసం గూడ చేస్తున్న."

పాస్టర్ ఒక ఉపాయం చెప్పాడు. ఎడమవైపు మగవాళ్ళు ప్రార్థన చెయ్యాలి, కుడివైపు ఆడవాళ్ళు చూడాలి, తర్వాత చూసినవాళ్ళు చూడనివాళ్ళకి చెప్పాలి. లింగస్వామి మూడోసారి ఆ సీను వేశాడు. మగవాళ్ళు కళ్ళు మూసుకున్నారు. పక్కన అంతమంది ప్రార్థనలో ఉంటే తాము మాత్రం సినిమా చూడటం తప్పుగా తోచి ఆడవాళ్ళూ మూసుకున్నారు. హెన్రీని లారీ గుద్దిందో, హెన్రీయే లారీని గుద్దాడో లోకానికి తెలియకుండానే ఉండిపోయింది.

లింగస్వామి క్యాబిన్ నుంచి ఫోన్ చేశాడు. "సార్, గీ అక్క నాలుగోపాలి వంటింట్లకొస్తుంది. నాకే పరేషాన్ అయితుంది. ఎట్ల మరి?"

అప్పుడు పాస్టర్ రామమోహనరావు భుజం మీద చెయ్యి వేశాడు. "మీరు చూసి చెప్పండి బ్రదర్. మీరైతే కళ్ళు మూసుకోనక్కర్లేదు కదా." చేతికి మైకు వచ్చింది. అంత మర్యాదగా అడిగితే కాదనే అలవాటు ఆయనకు లేదు. ఆ అలవాటే ఉంటే ఇన్నేళ్ళు మేనేజరుగా ఎందుకుంటాడు?

అలా, ఏళ్ళ తరబడి సినిమా చూడని మనిషి తెర పక్కన నిలబడి సినిమా చూడటం మొదలుపెట్టాడు. మొదట్లో పోలీసు రిపోర్టు చదివినట్టు చెప్పాడు. "లారీ బోల్తా పడిందండి. కాలు విరిగింది. మనిషి బతికే ఉన్నాడు."

"స్తోత్రం," అన్నారు మూడొందల మంది ఒక్క గొంతుతో. హాలు దద్దరిల్లింది. రామమోహనరావు ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆయన మాటకి ఇంట్లో గానీ బయట గానీ ఇంత స్పందన ఎన్నడూ రాలేదు.

"తాగి నడిపిండా?" అంది ముత్తమ్మ.

"అంత గమనించలేదమ్మా."

"గమనించాలె గదా సారూ. గదే ముఖ్యం."

మళ్ళీ వెనక్కి. ఈసారి గమనించాడు. తాగే నడిపాడు. ఆ తర్వాత లారీలో ప్రార్థన, ఆసుపత్రి వరండాలో ప్రార్థన, జొన్నచేలో ప్రార్థన. ఆ సినిమాలో ముఖ్యమైనదేదైనా సరే ప్రార్థన వేళకే జరుగుతుంది, ప్రార్థన వేళకి చూసేవాడు రామమోహనరావు ఒక్కడే. ప్రతిసారీ చెప్పాలి, ప్రశ్నలకు జవాబులివ్వాలి, జవాబు తెలియకపోతే వెనక్కి తిప్పించాలి. పదకొండున్నర ఎప్పుడు దాటిందో తెలియలేదు. పన్నెండున్నరకి హెన్రీ ఇంకా దేవుణ్ణి తిడుతూనే ఉన్నాడు. పెరుగన్నం క్యారేజీలో పులుస్తోంది. కాళ్ళు పీకుతున్నాయి.

అప్పుడే బయట డప్పులు మొదలయ్యాయి.

అభిమాన సంఘం అధ్యక్షుడు శ్రీకర్ గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. సరూర్‌నగర్ కుర్రాడు, మెడలో హీరో బొమ్మ లాకెట్టు, వెనకాల రెండొందల మంది. రామమోహనరావు బయటికి రాగానే అడిగాడు. "అంకుల్, లోపల ఏం నడుస్తుంది?"

"అమెరికా సినిమా బాబూ. చర్చివాళ్ళది."

సరిగ్గా ఆ క్షణానికే లోపల హెన్రీ కూతురు కళ్ళు తెరిచినట్టుంది. హాలు లోంచి పెద్ద కేక, ఆపైన చప్పట్లు, ఆపైన ఇంకా పెద్ద కేక.

శ్రీకర్ ముఖం మారింది. "అమెరికా సినిమాకు గంత అరుపులెవ్వరు అరుస్తరు అంకుల్? మా అన్న బొమ్మ లోపల దొంగతనంగ ఏస్తున్నరు. పెద్దోళ్ళకు ముందుగల చూపిస్తున్నరు. నాకు సమజైంది."

"దేవుడి తోడు బాబూ, లోపల ఉన్నది హెన్రీ."

"హెన్రీ ఎవడు? విలనా?"

ఆ ముక్క గుంపులోకి పాకింది. కొత్త సినిమాలో విలన్ పేరు హెన్రీ అని, రెండొందల ఫోన్లలోకి ఎక్కింది. గేటు ఊగడం మొదలైంది. జానయ్య ఫోన్ చేశాడు. "ఏంది రావ్, గేటు కాడ లొల్లి అంటున్నరు. రెండున్నరకు షో పడ్తది గదా?"

"పడుతుందండి," అన్నాడు రామమోహనరావు. హెన్రీ మారడానికి ఇంకా అరగంట సినిమా ఉంది. వీళ్ళ లెక్కలో అరగంట సినిమా అంటే రెండు గంటలు. ఈలోగా గేటు విరుగుతుంది, తర్వాత సీట్లు, ఆ తర్వాత తను.

లోపలికి వచ్చేసరికి తెర మీద మార్తా గుమ్మంలో నిలబడి మళ్ళీ చేతులు జోడిస్తోంది. సంఘం లేచింది, కొంగులు కప్పుకుంది, కళ్ళు మూసుకుంది. ఆ మూసుకున్న కళ్ళన్నిటినీ రామమోహనరావు ఒకసారి చూశాడు. ఫోన్ తీసి గుసగుసగా అన్నాడు. "లింగస్వామీ, చివరికి లాగెయ్."

"ఎంత చివరికి సార్?"

"పేర్లు పడేచోటికి."

అందరూ కళ్ళు తెరిచేసరికి తెర మీద పేర్లు పైకి పోతున్నాయి. రామమోహనరావు మైకు నోటికి దగ్గరగా పెట్టుకున్నాడు. "హెన్రీ మారిపోయాడండి. మందు మానేశాడు. మొగుడూ పెళ్ళాం కలిసిపోయారు. అందరూ సుఖంగా ఉన్నారు. సినిమా అయిపోయింది."

సంతోషం కట్టలు తెంచుకుంది. ఒకళ్ళనొకళ్ళు కౌగిలించుకుని ఏడ్చారు. పాస్టర్ కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. ముత్తమ్మ మెల్లగా నడుచుకుంటూ రామమోహనరావు దగ్గరికి వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది.

"సారూ, మా అల్లుడు గూడ డ్రైవరే. గట్లనే తాగుతడు. గా హెన్రీ మారినంక మార్తతోటి ఏమన్నడు? గదొక్కటి చెప్పు, పోయి నా బిడ్డకు చెప్త."

రామమోహనరావు ఆ ముక్క చూడనేలేదు. "తప్పయిపోయింది అన్నాడమ్మా," అన్నాడు, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"తప్పయిపోయింది," అని ముత్తమ్మ మెల్లగా తనలో తను అనుకుంది, ఎక్కడ మర్చిపోతానో అన్నట్టు. ఆయనకి ఆ చెయ్యి విడిపించుకోవడం కష్టమైంది. నిజంగా సిగ్గేసింది.

ముందు గేటు నిండా అభిమానులు కాబట్టి సంఘాన్ని పక్క తలుపు గుండా వెనక సందులోకి పంపించాడు. చెప్పులు మాత్రం ముందు గుమ్మం దగ్గరే ఉన్నాయి. మూడొందల మంది ఎండలో కాలే సిమెంటు మీద అడుగు వెయ్యలేక, గోడ నీడలో ఒంటికాలి మీద ఒకరు, రెండో కాలి మీద ఒకరు నిలబడ్డారు. చెప్పులు తెప్పిస్తానని చెప్పి ఆయన లోపలికి వచ్చాడు. హాలు ఖాళీగా, చల్లగా, నిశ్శబ్దంగా ఉంది. రెండైంది. ఇంక తలుపులు తెరవడమే. గట్టెక్కాననుకున్నాడు.

లింగస్వామి మెట్లు దిగి వచ్చాడు. ఫోన్లో చెప్పకుండా దిగి వచ్చాడంటేనే అర్థం చేసుకోవాలి. "సార్, కీ రాలే."

ఈ కాలపు సినిమా డబ్బాలో రాదు. ముందే వచ్చి మిషన్లో తాళం వేసుకుని కూర్చుంటుంది. కంపెనీవాళ్ళు మెయిల్లో కీ పంపితే తప్ప తెరుచుకోదు. కీ రాకపోతే ఎంత పెద్ద హీరో అయినా తెర మీదికి రాలేడు.

"ఎప్పుడు పంపిస్తారట?"

"ఒంటిగంటకే పంపిస్తమన్నరు. ఇప్పుడు ఫోన్ ఎత్తుతలేరు."

రామమోహనరావు దగ్గర్లో ఉన్న సీట్లో కూలబడ్డాడు. కొత్త రెగ్జిన్ చెయ్యికి నున్నగా తగిలింది. ఇప్పుడు తలుపులు తెరిస్తే రెండొందల మంది ఈ ఖాళీ సీట్ల మీదికి వస్తారు. తెర తెల్లగా ఉంటుంది. బ్లేళ్ళు బయటికి వస్తాయి. తెరవకపోతే గేటు విరిచి వస్తారు, బ్లేళ్ళు అప్పటికే బయట ఉంటాయి. పొద్దుటినుంచి చక్కగా ఆడుతున్న సినిమాని, హాలు నిండా పద్ధతిగా కూర్చున్న మనుషుల్ని తన చేతులతో తనే సాగనంపాడు. ఖాళీ సీటుని ఎవడైనా కోస్తాడు. తెల్ల చీర కట్టుకున్న పెద్దావిడ కూర్చున్న సీటుని ఎవడు కోస్తాడు?

ఆయన పక్క తలుపు తోసుకుని సందులోకి పరిగెత్తాడు. ఆయన పరిగెత్తి చాలాకాలమైంది.

"పాస్టర్ గారూ, సినిమా అవలేదండి. ఇంకా అరగంట ఉంది. నేనే లాగేయించాను."

సందులో కాలు మార్చుకునేవాళ్ళు కూడా ఆగిపోయారు. ముత్తమ్మ ముందుకు వచ్చింది. "అంటే హెన్రీ మారలేదా?"

"తెలీదమ్మా. నేనూ చూళ్ళేదు."

"మరి తప్పయిపోయింది అన్నదెవరు?"

రామమోహనరావు తల వంచుకున్నాడు. తెలివైన మాట ఒకటి వెతుక్కునే ఓపిక కూడా మిగల్లేదు. "నేనేనమ్మా. ఇప్పుడంటున్నాను. తప్పయిపోయింది."

ఆవిడ ఏమంటుందోనని ఆయన భయపడ్డాడు. ఆవిడ ఏమీ అనకముందే పాస్టర్ ప్రసన్నకుమార్ ముఖం దీపం వెలిగించినట్టయింది. అమెరికాలో ఈ సినిమా చూసి మనుషులు మారారని ఆయన విన్నాడు. తన కళ్ళ ముందు మారడం ఇదే మొదలు. "బ్రదర్, ఇది సందులో చెప్పే మాట కాదు. లోపలికి రండి, సంఘమంతటి ముందు చెప్పండి."

"ఎంతసేపు చెప్పమంటారు?"

"మీ మనసులో ఉన్నంతసేపు."

రామమోహనరావుకి ఆ రోజు మొత్తంలో ఇంత తీపి మాట తగల్లేదు.

సంఘం లోపలికి వచ్చి కూర్చుంటూ ఉండగానే ముందు గేటు గొళ్ళెం ఊడింది. రెండొందల మంది డప్పులతో, కాగితం ముక్కల సంచులతో, ఈలలతో లోపలికి విరుచుకుపడ్డారు, పడి అక్కడే ఆగిపోయారు. సీట్లన్నిటి నిండా తెల్ల చీరలు, మూసుకున్న కళ్ళు. శ్రీకర్ టికెట్ మీద ఉన్న నంబరు సీట్లో ముత్తమ్మ తల మీద కొంగు కప్పుకుని కూర్చుని ఉంది. లేవమనడానికి అతనికి నోరు రాలేదు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. వెనకాలవాడు డప్పు మీద వేసిన దెబ్బ సగంలో ఆగిపోయింది. అందరూ నడవల్లో నేల మీద కూర్చున్నారు.

వేదిక మీద రామమోహనరావు మైకు పట్టుకుని నిలబడ్డాడు. "ఇందాక నేను మీకు అబద్ధం చెప్పాను," అన్నాడు.

"స్తోత్రం," అంది సంఘం.

కీ రాలేదని లింగస్వామి పైనుంచి చెయ్యి ఊపాడు. ఇంకా చెప్పాలి. "ఏసీ నడుస్తోందని రోజూ చెప్తాను. నడవదు."

"స్తోత్రం."

"గది మాకెర్కే అంకుల్," అన్నాడు నడవలోంచి ఒకడు.

లింగస్వామి మళ్ళీ చెయ్యి ఊపాడు. రామమోహనరావు అలసిపోయాడు. అలసిపోయినవాడికి దాచుకోవడం కూడా ఒక పనే, ఆ పని చేసే శక్తి లేదు. "పోయినసారి మీ హీరో సినిమా ఆలస్యమైతే కరెంటు పోయిందని చెప్పాను. పోలేదు. మా ఓనరు డిస్ట్రిబ్యూటర్‌తో తగువు పెట్టుకుని కూర్చున్నాడు."

ఈసారి సంఘం స్తోత్రం అన్నా, నడవల్లో చప్పుడు లేదు. ఆ నిశ్శబ్దం విని ఆయన తన నోటిని తనే తిట్టుకున్నాడు. శ్రీకర్ లేచి నిలబడ్డాడు. లాకెట్టుని కాసేపు వేళ్ళతో తిప్పాడు.

"అంటే నువ్వేం చేయకున్నా నీ మీద కోపంతోటి సీట్లు కోసినమా అంకుల్?" అన్నాడు. "బ్లేళ్ళు నేనే తెచ్చిన. అందరికీ నేనే పంచిన."

"స్తోత్రం," అంది ముత్తమ్మ అందరికంటే ముందు, కళ్ళు తెరవకుండానే.

అంతటితో ఆగితే బాగుండేది. ఆ మాటకి వచ్చిన గౌరవం చూసి నడవల్లో ఒక్కొక్కరే లేచారు. స్క్రూలు విప్పినవాడు, తెర మీద గుడ్డు విసిరినవాడు, ఫ్యాన్ రెక్క ఇంటికి పట్టుకుపోయినవాడు. మైకు కోసం వరస కట్టారు. అంత పద్ధతైన వరస ఆ థియేటర్ టికెట్ల కిటికీ దగ్గర కూడా ఎప్పుడూ లేదు. మూడో వాడు మాట్లాడుతుండగా లింగస్వామి పరిగెత్తుకొచ్చాడు. "సార్, కీ వచ్చింది. బొమ్మ ఏద్దామా?"

రామమోహనరావు జవాబు చెప్పకముందే శ్రీకర్ అన్నాడు. "ఆగన్నా. ముందుగల గా హెన్రీ సంగతి తేలనియ్యి."

చివరి అరగంట వేశారు. మార్తా గుమ్మంలో నిలబడింది, చేతులు జోడించింది. ఐదొందల మంది కళ్ళు మూసుకున్నారు. డప్పువాడు కూడా మూసుకున్నాడు. అంత పెద్ద హాల్లో తెరిచి ఉన్న కళ్ళు రామమోహనరావువి మాత్రమే. ఈసారి ఆయన రెప్ప వెయ్యలేదు. హెన్రీ కుంటుకుంటూ ఇంట్లోకి వచ్చాడు. మార్తా వైపు చూశాడు. సింకు దగ్గరికి వెళ్ళాడు.

ఆమెన్ అన్నారు. కళ్ళు తెరిచారు. ముత్తమ్మ అడిగింది. "ఏమన్నడు సారూ?"

"ఏమీ అనలేదమ్మా. గిన్నెలు తోమాడు."

హాలంతా ముత్తమ్మ తీర్పు కోసం ఆగింది. "గట్లయితే నిజంగనే మారిండు," అని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "మావోడైతే రోజూ తప్పయిపోయింది అంటనే ఉంటడు." ముప్ఫయ్యేళ్ళ కాపురంలో తను ఒక్క గిన్నె తోమలేదన్న సంగతి రామమోహనరావుకి ఆ క్షణానే ఎందుకు గుర్తురావాలో తెలియలేదు.

సంఘం లేచి వెళ్ళాక కొత్త సినిమా నాలుగింటికి పడింది. ఒక్క సీటు చిరగలేదు. జానయ్య కర్ర పట్టుకుని వచ్చి, గుమ్మం దగ్గర ఈసారి అభిమానులు విప్పిన చెప్పుల గుట్టనీ, సినిమా అయ్యాక కాగితం ముక్కల్ని తామే ఏరుతున్న అభిమానుల్నీ చూసి కర్ర గోడకి ఆనించాడు. ఏం జరిగిందో లింగస్వామి చెప్పాడు. జానయ్య తన తగువు సంగతి వచ్చినచోట కొంచెం దగ్గాడు. మిగతాదంతా శ్రద్ధగా విన్నాడు.

సోమవారానికల్లా ఫోన్లు మొదలయ్యాయి. సరూర్‌నగర్ సంఘం, పెద్ద అంబర్‌పేట్ సంఘం, అబ్దుల్లాపూర్‌మెట్‌లో రెండు సంఘాలు. అందరికీ అదే సినిమా కావాలి. సినిమా ఒక్కటే చాలదు, మధ్యలో ఆ మేనేజరు గారు కూడా ఉండాలి. శ్రీకర్ తమవాళ్ళకి కూడా నడవలో చోటు కావాలన్నాడు. జానయ్య వచ్చే నెలలన్నిటికీ శుక్రవారాలు రాసేసుకున్నాడు.

"సార్, అది ఆ పూటకి వచ్చిన పశ్చాత్తాపమండి," అన్నాడు రామమోహనరావు. "అడిగినప్పుడల్లా రాదు."

"ఒకపాలి చేసినవు గదా రావ్, చేతికి అలవాటైంది," అన్నాడు జానయ్య. "కాకపోతే ముందుగల గా అబద్ధం చెప్పుడు మర్చిపోకు. గది లేకుంటే ఎనకొచ్చేది నిలబడదు."

రామమోహనరావు ఉద్యోగం నిలబడింది. ఇప్పుడాయన ప్రతి శుక్రవారం రెండు గంటలకి ఠంచనుగా పశ్చాత్తాపపడాలి.